ఆయాసం పిల్లల తరఫున ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

విశాఖపట్నం మల్కాపురం నుంచి ఒక తల్లి నమస్కరించి రాసుకుంటున్నది.

అయ్యా,

మా పాపకి పదేళ్ళు. ఐదో తరగతి చదువుతోంది. ఆస్తమా ఉంది, పల్లీలు పడవు. ఇలా రెండూ కలిసి ఉన్న పిల్లలు ఈ ఊళ్ళో ఇంకా ఉన్నారు. కొందరి తల్లులతో ఆసుపత్రి బెంచీల మీద కూర్చుని మాట్లాడాను కూడా. ఈ పిల్లలకి ప్రాణం మీదికి వచ్చినప్పుడు వెయ్యాల్సిన మందు ఒకటుంది, అంతదాకా రాకుండా రోజూ వాడాల్సిన మందు ఇంకొకటుంది. మొదటిది అడ్రినలిన్ ఇంజెక్షన్, రెండోది బుడెసొనైడ్ ఇన్హేలర్. రెండూ 2022 నాటి జాతీయ అత్యవసర ఔషధాల జాబితాలో ఉన్నాయి. రెండూ పాత మందులే. అయినా మా వీధి దాకా వచ్చేసరికి అవి కనపడవు. మాకు అందుతున్నదల్లా పథ్యం. పెరుగు మానిపించండి, గుడ్డు మానిపించండి, అరటిపండు ముట్టనివ్వకండి. మందు దొరకని చోట పథ్యం వచ్చి కూర్చుంది, దానివల్ల పిల్లలు చిక్కిపోతున్నారు. ఈ ఉత్తరం దాని గురించే.

మా ఊరి గాలి సంగతి మీకు తెలియనిది కాదు. ఒక పక్క సముద్రం, తక్కిన పక్కల కొండలు, మధ్యలో పోర్టు, ఫ్యాక్టరీలు. చలికాలం పొద్దున్నే కిటికీ గట్టు తుడిస్తే గుడ్డ నల్లగా అయిపోతుంది. 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమంలో విశాఖ పేరు చేర్చారంటేనే పరిస్థితి అర్థమవుతుంది. ఆ దుమ్ము గురించి పోర్టుకి, పొల్యూషన్ బోర్డుకి రాయాల్సిన ఉత్తరం వేరే ఉంది. మీ చేతిలో ఉన్నవే ఇక్కడ అడుగుతున్నాను.

పాపకి మొదటిసారి ఛాతీలో పిల్లికూతలు వినిపించినప్పుడు ఒక ప్రైవేటు క్లినిక్‌కి తీసుకెళ్ళాం. మందుల చీటీతో పాటు ఒక అచ్చు కాగితం చేతిలో పెట్టారు. ఎడమ పక్క తినకూడనివి: పెరుగు, మజ్జిగ, అరటిపండు, జామకాయ, బత్తాయి, ద్రాక్ష, దోసకాయ, వంకాయ, గోంగూర, టమాటా, గుడ్డు, చేప, రొయ్య. కుడి పక్క తినదగినవి: ఇడ్లీ, చారన్నం, బీరకాయ. పిల్ల పేరు లేదు, వయసు లేదు, సంతకం లేదు. మా వెనక కూర్చున్న తాతగారికీ అదే ఇచ్చారు. ఇంటికొస్తే చుట్టాలు ఇంకో నాలుగు కలిపారు. వేడి చేసేవి వద్దు, చలవ చేసేవి వద్దు, నిమ్మకాయ పిండితే దగ్గు పట్టేస్తుంది, ఇలా. పాప పెరుగన్నం కోసం ఏడ్చేది. వాళ్ళ నాన్నమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ చారన్నమే కలిపేది.

తర్వాత ఊపిరితిత్తుల డాక్టరు గారొకరు బరువు చూసి, రక్తం రిపోర్టు చూసి, ఆ కాగితం మా ముందే మడిచి పక్కన పెట్టారు. "ఎదిగే పిల్లమ్మా. పెరుగు, గుడ్డు, చేప అన్నీ తీసేస్తే ఇంకేం పెడతారు?" అన్నారు. ఆస్తమా అంటే శ్వాసనాళాల్లో లోపలి వాపు. దాన్ని రేపేవి ముఖ్యంగా జలుబు వైరస్‌లు, దుమ్ము, పక్కబట్టల్లో ఉండే కంటికి కనపడని పురుగులు, పొగ, బొద్దింకలు. తిండి వల్ల ఆయాసం వచ్చేవాళ్ళు కొద్దిమందే. వాళ్ళకి కూడా ఉత్త ఆయాసంతో పోదు, చాలాసార్లు దద్దుర్లు, పెదాల వాపు, వాంతులు కలిసి వస్తాయి. అదీ తిన్న కొద్ది నిమిషాల నుంచి రెండు గంటల్లోపే. రాత్రి పెరుగు తిని మూడో రోజు దగ్గితే అది పెరుగు నేరం కాదని ఆయన అంత ఓపిగ్గా చెప్పారు కాబట్టి మా ఇంట్లో పాపకి మళ్ళీ పెరుగు మొదలైంది. మా చుట్టుపక్కల ఇళ్ళలో ఆ కాగితమే ఇంకా నడుస్తోంది.

ఏది నిజంగా పడదో, ఏది పడుతుందో తేల్చే చోటు లేకపోవటమే దీనికి మూలం. రక్తం తీసి ఒకేసారి వందల తిండి పదార్థాలకి ఫలితం ఇస్తామని ల్యాబుల వాళ్ళు ప్యాకేజీలు అమ్ముతున్నారు. రక్తంలోని యాంటీబాడీల్లో ఐజీజీ, ఐజీఈ అని రకాలున్నాయి. వాటిలో ఐజీజీ పరీక్షలు ఫుడ్ అలర్జీని తేల్చటానికి పనికిరావని అంతర్జాతీయ అలర్జీ నిపుణుల సంఘాలు ఏనాడో చెప్పాయి. ఐజీఈ పరీక్షకి విలువుంది. కానీ అందులో పాజిటివ్ వచ్చినంత మాత్రాన ఆ వస్తువు తింటే జబ్బు చేస్తుందని కాదు. డాక్టరు కళ్ళ ముందు కొంచెం కొంచెంగా తినిపించి చూసే ఫుడ్ ఛాలెంజ్ ఒక్కటే ఖాయంగా చెబుతుంది. కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి)లో గానీ, వాల్తేరు ఛాతీ ఆసుపత్రిలో గానీ అది ఏ రోజు, ఏ గదిలో చేస్తారో మాలాంటి వాళ్ళకి తెలిసేలా బోర్డు పెట్టించండి. మా విశాఖలో రొయ్యల ఫ్యాక్టరీల్లో పనిచేసే ఆడవాళ్ళకి కూడా ఆ పరీక్ష కావాలి. రొయ్యలో ఉండే ట్రోపోమయోసిన్ అనే ప్రొటీన్ లాంటిదే ఇంటి దుమ్ములోని పురుగులోనూ, బొద్దింకలోనూ ఉంటుంది. రొయ్య పడని మనిషికి ఒక్కోసారి తినక్కరలేదు, ఉడుకుతున్న ఆవిరి పీల్చినా ఆయాసం వచ్చేస్తుంది. ఆ ఆవిరిలోనే ఎనిమిది గంటలు నిలబడే వాళ్ళు ఆయాసాన్ని మామూలు దగ్గు అనుకుని వెళ్ళదీస్తున్నారు.

ఇక పల్లీల సంగతి. ఇది మాత్రం నిజంగా మానాల్సిందే.

చుట్టాల గృహప్రవేశంలో టిఫిన్లు పెట్టారు. చట్నీలో పల్లీలు ఉన్నాయా అని అడిగాను. కొబ్బరి చట్నీ అన్నారు. చిక్కదనం కోసం గుప్పెడు వేయించిన పల్లీలు కలిపారని తర్వాత తెలిసింది. రెండో ఇడ్లీ సగంలో ఉండగానే పాప నాలుక గీక్కోవటం మొదలుపెట్టింది. "అమ్మా, గొంతులో ఏదో అడ్డం పడింది" అంది. చూస్తుండగానే పై పెదవి లావెక్కింది, మెడ నిండా దద్దుర్లు, వెంటనే పొడి దగ్గు, ఆ వెనకే పిల్లికూతలు. నా దగ్గరున్న పంపు (ఇన్హేలర్) కొట్టించి ఆటోలో దగ్గరి నర్సింగ్‌హోమ్‌కి పరిగెత్తాం. అక్కడ దద్దుర్లకి ఏవిల్ ఇంజెక్షన్ ఇచ్చారు, స్టెరాయిడ్ ఇచ్చారు, నెబ్యులైజర్ పెట్టారు. అడ్రినలిన్ ఇవ్వలేదు. మా పాప గట్టెక్కింది.

ఆ ఏవిల్ దద్దుర్లు తగ్గిస్తుందే కానీ వాచిన గొంతుని తెరవలేదు, పడిపోయే రక్తపోటుని నిలబెట్టలేదు. స్టెరాయిడ్ పనిచెయ్యటానికి గంటలు పడుతుంది. ముందు ఇవ్వాల్సింది అడ్రినలిన్, అదీ తొడ బయటి పక్క కండలోకి, కిలో బరువుకి 0.01 మిల్లీగ్రాముల లెక్కన. పాతిక కిలోల పిల్లకి పావు మిల్లీగ్రాము, అంటే మిల్లీలీటరుకి ఒక మిల్లీగ్రాము ఉండే మందులో పావు మిల్లీలీటరు. పైగా ఆస్తమా ఉన్న పిల్లలకే ఈ రియాక్షన్ ప్రమాదకరంగా ముదిరే అవకాశం ఎక్కువ. విదేశాల్లో ఇలాంటి పిల్లల తల్లులు పెన్ను లాంటి ఆటో ఇంజెక్టర్ సంచిలో పెట్టుకు తిరుగుతారు. మా షాపుల్లో అడిగితే ఆ పేరే వినలేదన్నారు. ఆ మందు ఆంప్యూల్ (చిన్న గాజు బుడ్డి) ఉన్న షాపులో కూడా మా చేతికి ఇవ్వటానికి భయపడ్డారు.

అయ్యా, ఈ లేఖలో నేను అన్నిటికంటే గట్టిగా అడిగేది ఇదే. టీకాలు వేసే రోజున ఏఎన్ఎం (టీకాలు వేసే నర్సమ్మ) దగ్గర అనాఫిలాక్సిస్ కిట్టు ఉంటుంది. అనాఫిలాక్సిస్ అంటే మా పాపకి వచ్చినలాంటి, ప్రాణం మీదికి తెచ్చే అలర్జీ రియాక్షన్. అందులో అడ్రినలిన్ ఆంప్యూళ్ళు, సిరంజీలు, వయసుని బట్టి ఎంత ఇవ్వాలో చూపించే చార్టు ఉంటాయి. టీకా వికటించిందని అనుమానమొస్తే ఆసుపత్రికి పంపేముందు ఒక డోసు వెయ్యటానికి ఏఎన్ఎంకి అనుమతి ఉంది. అంటే మా వార్డు సచివాలయంలో ఉన్న అమ్మాయికి ఈ పని వచ్చు. టీకాకి వికటించినా, చట్నీకి వికటించినా పిల్ల శరీరంలో జరిగేది ఒకటే, వెయ్యాల్సిన మందూ ఒకటే. తిండి వల్ల, తేనెటీగ కాటు వల్ల వచ్చే రియాక్షన్లకి కూడా ఆ కిట్టు వాడవచ్చని ఒక ఉత్తర్వు ఇవ్వండి. ప్రతి అర్బన్ హెల్త్ సెంటర్లో, ప్రతి వార్డు సచివాలయంలో కిట్టు ఎప్పుడూ ఉండాలి, గడువు తేదీ చూసే బాధ్యత ఒకరికి అప్పగించాలి. ఆ మందుకి ఫ్రిజ్ కూడా అక్కరలేదు. ఎండ, వెలుగు తగలకుండా గదిలో పెడితే చాలు. డోసు వేశాక 108లో ఆసుపత్రికి చేర్చాలి, ఎందుకంటే తగ్గినట్టే తగ్గి కొన్ని గంటల తర్వాత మళ్ళీ తిరగబెట్టవచ్చు. నర్సింగ్‌హోమ్‌ల క్యాజువాలిటీ గోడల మీద కూడా ఆ చార్టు అంటించమని మీ శాఖ చెప్పాలి.

ఇన్హేలర్ల గురించి. మా వీధిలోవాళ్ళు హెల్త్ సెంటర్‌కి వెళ్తే ఎక్కువగా సాల్బుటమాల్ సిరప్‌తో, మాత్రలతో తిరిగొస్తున్నారు. అవి అప్పటికి ఆయాసం తగ్గిస్తాయి, వాపు అలాగే ఉంటుంది. పన్నెండేళ్ళు దాటినవాళ్ళకి సాల్బుటమాల్ ఒక్కటే ఇచ్చి వదిలెయ్యకూడదని, స్టెరాయిడ్ ఇన్హేలర్ కూడా ఉండాలని ప్రపంచ ఆస్తమా మార్గదర్శకాలు 2019 నుంచీ చెబుతున్నాయి. స్టెరాయిడ్ అన్న మాట వినగానే జనం హడలిపోతారు. పంపు అలవాటైతే ఇక వదలదని, ఆడపిల్లకి పెళ్ళి కాదని అంటారు. పీల్చే మందు మైక్రోగ్రాముల్లో ఉంటుందని, ముఖ్యంగా శ్వాసనాళాల్లోనే పనిచేస్తుందని ఆశా కార్యకర్త నోట వింటే నమ్ముతారు, నేను చెబితే నమ్మరు. స్పేసర్ (ఇన్హేలర్‌కి తగిలించి మందు పీల్చే గొట్టం) కొనలేని వాళ్ళకి ఖాళీ 500 మి.లీ. ప్లాస్టిక్ సీసాకి అడుగున ఇన్హేలర్ పట్టేంత కన్నం చేసి, చుట్టూ గాలి పోకుండా బిగించి వాడవచ్చు. దక్షిణాఫ్రికాలో పిల్లల మీద పరీక్షించి 1999లో ప్రచురించిన సంగతే ఇది. హెల్త్ సెంటర్లో ఎవరైనా ఒక్కసారి చేసి చూపిస్తే తల్లులు నేర్చుకుంటారు.

బడి భోజనం విద్యాశాఖది, నాకు తెలుసు. అయినా ఆరోగ్యం మీది కాబట్టి చెబుతున్నాను. డొక్కా సీతమ్మ గారి పేరుతో పెడుతున్న మధ్యాహ్న భోజనంలో గుడ్డు, రాగి జావ, పల్లీ చిక్కీ ఉన్నాయి. చిక్కీ తీసెయ్యమని నేను ససేమిరా అడగను. మా పాప పక్కన కూర్చునే పిల్లలకి ఆ పల్లీల బలం కావాలి. పల్లీలు పడని ఒక్క పిల్లకి ఆ రోజు అరటిపండో, రాగి లడ్డో ఇవ్వగలిగితే చాలు. వంట చేసే ఆయమ్మకి నేను మొదటిసారి చెప్పినప్పుడు "చిన్న ముక్కకి ఏటీ అవదమ్మా" అంది. ఆవిడ తప్పేం లేదు, ఆవిడకెవరూ చెప్పలేదు. ఇప్పుడు చిక్కీ పంచే ముందు చెయ్యి కడుక్కుని మా పాప పళ్ళెం విడిగా పెడుతోంది.

అంగన్‌వాడీల్లో ఇంకో మాట కూడా చెప్పించండి. ముందు జాగ్రత్త అనుకుని పసిపిల్లలకి గుడ్డు, పల్లీ ఏవీ రుచి చూపించకుండా పెంచితే మేలు జరగదు. అలర్జీ వచ్చే అవకాశం ఎక్కువున్న 640 మంది పసివాళ్ళ మీద ఇంగ్లండ్‌లో చేసిన పరిశోధన 2015లో వచ్చింది. నాలుగు నుంచి పదకొండు నెలల మధ్యే పల్లీ మొదలుపెట్టిన పిల్లల్లో ఐదేళ్ళకి పల్లీ అలర్జీ సుమారు ఎనభై శాతం తగ్గింది. ఒంటి మీద బాగా ఎగ్జిమా (దురద పెట్టే చర్మవ్యాధి) ఉన్న బిడ్డకైతే డాక్టరుని అడిగే మొదలుపెట్టాలి, పల్లీ గింజగా కాకుండా మెత్తని ముద్దగానే పెట్టాలి.

ఆహార భద్రత విభాగం కూడా మీ కిందే ఉంది. ప్యాకెట్ల మీద పల్లీ, పాలు, గుడ్డు, సోయా, చేప, రొయ్య, గోధుమ ఉంటే రాయాలని 2020 లేబులింగ్ నిబంధనలు చెబుతున్నాయి. మనం పొడుల్లో, పచ్చళ్ళలో నిత్యం వాడే నువ్వులకి ఆ జాబితాలో చోటు లేదు. అమెరికాలో 2023 నుంచి రాయటం తప్పనిసరి చేశారు. దీని గురించి కేంద్రానికి మన రాష్ట్రం రాయవచ్చు. మెనూలో అలర్జీ వివరాలు పెట్టాలన్న నిబంధన పెద్ద హోటళ్ళకి, పది చోట్ల శాఖలున్నవాటికి వర్తిస్తుంది. మేం తినేది వీధి చివర టిఫిన్ బండి దగ్గర. అక్కడ చట్నీ గిన్నె మీద "పల్లీ ఉంది" అని సుద్దతో రాసినా మాకు సరిపోతుంది. గానుగ వేరుశనగ నూనె వాడేవాళ్ళు కూడా చెప్పాలి. రిఫైన్డ్ నూనెలో పల్లీ ప్రొటీన్ దాదాపు ఉండదు, గానుగ నూనెలో మిగిలి ఉంటుంది.

జూన్‌లో బడులు తెరుస్తారు. మా పాప ఆరో తరగతికి కొత్త బడికి వెళ్తుంది. ఆమెకేం పడదో, పెదవి వాచితే ఏం చెయ్యాలో, పంపు సంచిలో ఏ జేబులో ఉంటుందో రాసి హెడ్‌మాస్టారు గారికి నేనొక కాగితం ఇస్తాను. ఆ వార్డు ఏఎన్ఎం ఫోన్ నంబరు, కిట్టు ఎక్కడుందో, ఎవరు వెయ్యవచ్చో రాసిన కాగితం మీ శాఖ నుంచి ఆయనకి బడులు తెరిచేలోపు అందేలా చూడండి.

ఇట్లు,
ఆస్తమా ఉన్న ఒక పాప తల్లి,
మల్కాపురం, విశాఖపట్నం.