ముందు సీటులో కూర్చున్న అన్నకు

నెక్లెస్ రోడ్డులో మొన్న ఆదివారం, చూపు లేని నన్ను టాండెమ్ సైకిల్ (ముందొకరు, వెనకొకరు కూర్చుని తొక్కేది) వెనక సీటులో ఎక్కించుకున్న అన్నా, మీ పేరు అడగడం కుదరలేదు. ధన్యవాదాలు. బయలుదేరే ముందు నా చేయి పట్టుకుని, ఇద్దరి పెడళ్లనూ కలిపే గొలుసును తడిమించారు. వేళ్లకు గ్రీజు అంటింది గానీ, సైకిల్ అర్థమైంది. గుంత, మలుపు, బ్రేకు అన్నీ ముందే చెప్పారు. జాలి మాట ఒక్కటీ లేదు, అదే నాకు నచ్చింది.

బ్రిటన్ క్రీడాకారుడు నీల్ ఫాచీ గురించి చెప్పిందీ మీరే. చూపు మందగించినా 2008లో బీజింగ్ పారాలింపిక్స్‌లో పరుగెత్తి, తర్వాత సైక్లింగ్‌కు మారి, 2012 లండన్‌లో కిలోమీటరు టైమ్ ట్రయల్ స్వర్ణం గెలిచాడు. ముందు సీటులో తొక్కిన బార్నీ స్టోరీకీ పతకం దక్కింది. న్యాయమే కదా!

మళ్లీ ఎదురైతే నేను గుర్తుపట్టలేను, మీరే పలకరించాలి. ఇరానీ చాయ్ ఖర్చు నాది.