దయ్యాల కొంపలో రెండు కళ్ళు

ఒరేయ్ రవీ,

మొన్న ఫోన్లో "ఏం ఆడుతున్నావురా రాత్రిళ్ళు" అని అడిగితే ఏదో పాత ఆటలే అని దాటేశాను, పక్కన మా మేనేజర్ ఉన్నాడు మరి. ఇప్పుడు తీరిగ్గా చెప్తా, టీ పెట్టుకుని చదువు.

ఆట పేరు హాంటెడ్ హౌస్. అటారీ 2600 అనే పాత టీవీ గేమ్ మిషన్ (కన్సోల్) మీద 1982లో వచ్చింది, జేమ్స్ ఆండ్రియాసెన్ అనే ఆయన తయారుచేశాడు. ఇప్పుడు కొనక్కర్లేదు, ఇన్‌స్టాల్ చెయ్యక్కర్లేదు. పాత పుస్తకాలూ ప్రోగ్రాములూ ఉచితంగా దాచిపెట్టే ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే వెబ్‌సైట్ వాళ్ళు 2013 చివర్లో ఇలాంటి పాత కన్సోల్ ఆటల్ని బ్రౌజర్లోనే ఆడుకునేలా పెట్టారు. ఎమ్యులేటర్ని, అంటే పాత మిషన్‌లా నటించే ప్రోగ్రామ్‌ని, బ్రౌజర్లో నడిచేలా మార్చి పెట్టారు. ట్యాబ్ తెరిస్తే చాలు, అటారీ నీ క్రోమ్ లోపలే మేలుకుంటుంది.

తెరిచీ తెరవగానే నీకు నవ్వొస్తుంది. హీరో లేడు. నల్లటి తెర మీద రెండు కళ్ళు, అంతే, చదరపు చదరపు కళ్ళు. ఏ వైపు నడిస్తే నల్లగుడ్డు ఆ వైపుకి జరుగుతుంది. ఆ మిషన్‌కి ఉన్న మెమరీ మొత్తం 128 బైట్లు రా, కిలోబైట్లు కాదు. తెలుగులో ఒక్కో గుర్తుకి కంప్యూటర్ 3 బైట్లు తీసుకుంటుంది కాబట్టి ఈ ఉత్తరంలో ఒక మోస్తరు వాక్యం కూడా అందులో పట్టదు. ఆట ఉండే కార్ట్రిడ్జ్, అంటే మిషన్‌లో గుచ్చే డబ్బా, ఏమో 4 కిలోబైట్లు. అంత ఇరుకులో నాలుగంతస్తుల మేడ కట్టాడు మహానుభావుడు, అంతస్తుకి ఆరు గదులు, మెట్లు, తాళాలు, గబ్బిలాలు, సాలీళ్ళు, పైగా ఇంటి యజమాని జాకరీ గ్రేవ్స్ గారి దయ్యం. చచ్చినా ఇల్లు ఖాళీ చెయ్యని రకం.

పని సింపుల్. మేడలో ఎక్కడెక్కడో పడి ఉన్న కలశం ముక్కలు మూడు ఏరుకుని, అతికిన కలశంతో కింది అంతస్తు సింహద్వారం దాకా రావాలి. తొమ్మిది ప్రాణాలు ఇస్తాడు. చేతిలో ఆయుధం ఉండదు, దేన్నీ చంపలేవు. బటన్ నొక్కితే అగ్గిపుల్ల వెలుగుతుంది, నీ చుట్టూ చిన్న వెలుగు, అందులోకి వస్తేనే నేల మీద వస్తువు కనబడుతుంది. ఏదైనా పురుగో దయ్యమో గదిలోకి వస్తే గాలి హోరుమని, పుల్ల ఆరిపోతుంది. అంటే కంగారులో నువ్వు గీసేది, అది వచ్చి ఆర్పేది. కరెంటు పోయినప్పుడు వంటింట్లో తడుముకుంటుంటే చేతికి ఏదో మెత్తగా తగిలినట్టు ఉంటుందే, సరిగ్గా ఆ ఒళ్ళు జలదరింపు. ఎన్ని పుల్లలు గీశావో ఆట లెక్కపెడుతుంది, తక్కువ పుల్లలతో బయటపడినవాడే మొనగాడు.

ఇదంతా చీకటి వల్ల భయం అని నేనూ అనుకున్నా మొదట్లో. కాదురా. అసలు కిటుకు ఏంటంటే చేతిలో ఒక్క వస్తువే పడుతుంది. మంత్రదండం ఒకటి దొరుకుతుంది, అది పట్టుకుంటే పురుగూ పుట్రా నిన్నేం చెయ్యలేవు. తాళంచెవి ఉంటే తలుపులు తెరుచుకుంటాయి. కలశం ముక్క తీసుకోవాలంటే మాత్రం చేతిలో ఉన్నది అక్కడే వదిలెయ్యాలి. దండం పట్టుకుని రాజాలా తిరుగుతావు, వెలుగులో ముక్క కనబడుతుంది, ఇక అప్పుడు మొదలవుతుంది చూడు టెన్షన్. ఎందుకొచ్చావో ఆ పని చెయ్యాలంటే నిన్ను కాపాడేదాన్ని నీ చేత్తోనే కింద పెట్టాలి. దయ్యం భయపెట్టడం తర్వాత సంగతి, ముందు నువ్వే నిన్ను నిలువునా ఒప్పజెప్పుకుంటావు.

నేనిప్పుడు ముక్క కనబడగానే ఎగబడటం లేదు. దాని దగ్గరికి పోకుండా, కరెంటు బిల్లు వెనకాల గీసుకున్న మ్యాప్‌లో గుర్తు పెట్టుకుంటా. మూడూ ఎక్కడున్నాయో తేలాక అప్పుడు దండం వదిలి ఒక్క పరుగు. కలిపిన ముక్కలు ఒకే వస్తువు కింద లెక్క కాబట్టి మళ్ళీ మళ్ళీ మార్చుకోనక్కర్లేదు. అయినా సరే ఆ చివరి పరుగులో మెట్ల దగ్గర సాలీడు తగిలిందంటే ఉరుము ఉరిమి, ఆ రెండు కళ్ళూ గిర్రున తిరిగిపోతాయి, ఒక ప్రాణం హుష్. మా ఆవిడ వెనకనుంచి చూసి "రెండు చుక్కల్ని చూసి జడుసుకుంటున్నారా" అని నవ్వింది. సరే కాసేపు నువ్వాడు అని కీబోర్డు ఇచ్చా. నవ్వు ఆగిపోయింది.

నీకు రెసిడెంట్ ఈవిల్ అనే హారర్ ఆట పిచ్చి కదా, అందులో చూడు. 1996లో క్యాప్‌కామ్ వాళ్ళు సర్వైవల్ హారర్ (ఉన్న కొద్దిపాటి సరంజామాతో ప్రాణం కాపాడుకునే భయం ఆట) అనే మాటని ఆ ఆటతోనే జనంలోకి తెచ్చారు. నువ్వు ఆడే పాత్ర జిల్ అయితే 8 వస్తువులు, క్రిస్ అయితే 6, అంతకు మించి మొయ్యలేరు. మందు పెట్టుకోవాలా, తూటాలు పెట్టుకోవాలా, తాళంచెవి పెట్టుకోవాలా అని తల బద్దలుకొట్టుకునేవాడివి. ఆ తలనొప్పి ఇక్కడ 14 ఏళ్ళ ముందే ఉంది, అదీ ఒక్కటంటే ఒక్క వస్తువుతో. బొమ్మలు ఎంత బాగున్నాయని ఎగబడే కొత్త హారర్ ఆటలు చాలావాటిలో నాకు ఇదే కొరత. అరుపులుంటాయి, రక్తం ఉంటుంది, చేతిలో ఏం మిగిలిందన్న దిగులు ఉండదు. నీకు కోపం వస్తే రానీ.

నీది మ్యాక్ కదా, ఒక్క మాట. ఆర్కైవ్‌లో ఆడేటప్పుడు అగ్గిపుల్లకి ఎడమ కంట్రోల్ కీ, నడవడానికి బాణం కీలు. మ్యాక్‌లో కంట్రోల్ పట్టుకుని పై బాణం నొక్కితే విండోలన్నీ విడివిడిగా పరుచుకుంటాయి, పక్క బాణం నొక్కితే ఇంకో డెస్క్‌టాప్‌కి ఎగిరిపోతావు. దయ్యం వెంటపడుతుంటే నీ ఆఫీసు ఎక్సెల్ షీటు ప్రత్యక్షమవుతుంది, అంతకంటే భయం ఇంకేం ఉంది. సిస్టమ్ సెట్టింగ్స్‌లో కీబోర్డ్ షార్ట్‌కట్స్‌కి వెళ్ళి "మిషన్ కంట్రోల్" అనే పేరు కింద ఉన్న ఆ షార్ట్‌కట్ల టిక్కులు తీసేసి ఆడు.

మొత్తం తొమ్మిది రకాల ఆటలున్నాయి, ఒకటో దాంట్లో గోడలు కనబడతాయి కాబట్టి అక్కడ మొదలుపెట్టు, అంతస్తుకో రంగు కాబట్టి ఎక్కడున్నావో తెలుస్తుంది. ఇయర్‌ఫోన్స్ పెట్టుకో, గాలి చప్పుడు వినపడకపోతే సగం ఆట పోయినట్టే. చిన్నమ్మాయి పెళ్ళికి వస్తావుగా, నువ్వు గీసిన మ్యాప్ కూడా తీసుకురా, దండం ఎక్కడ వదులుతున్నావో చూడాలి నాకు.

నీ
సత్తి