కలరా క్రిమికి క్రోమోజోములు రెండు

ఎడిటర్ గారికి నమస్కారం.

మొన్న ఆదివారం మీ సైన్స్ పేజీలో బాక్టీరియాల మీద వచ్చిన వ్యాసం బాగుంది, చదివించింది కూడా. కానీ ఏ బాక్టీరియాలో అయినా గుండ్రటి క్రోమోజోమ్ ఒక్కటే ఉంటుందని రాసేశారు, అదీ కలరా క్రిమి బొమ్మ పక్కనే. సరిగ్గా ఆ క్రిమికే రెండున్నాయండీ!

రాసినవారిని తప్పుపట్టడం లేదు, మేం క్లాసులో చెప్పేదీ చాలావరకు అదే. మన పేగుల్లో ఉండే ఈ.కోలై బాక్టీరియాకి ఒకటుంది కాబట్టి అన్నిటికీ అంతేలే అని చాలాకాలం అనుకున్నారు. జర్మన్ శాస్త్రవేత్త రాబర్ట్ కోచ్ 1884లో కలకత్తాలో కలరా క్రిమిని వేరుచేసి పెంచాడు, 1959లో అదే ఊళ్ళో శంభునాథ్ డే దాని విషం సంగతి బయటపెట్టారు, అయినా దాని క్రోమోజోములు రెండని తేలడానికి 1998 దాకా పట్టింది. తేల్చింది అమెరికాలో మేరీల్యాండ్ యూనివర్సిటీ పరిశోధకులు, పల్స్‌డ్ ఫీల్డ్ జెల్ ఎలక్ట్రోఫోరెసిస్ అనే పద్ధతితో. మీ వ్యాసంలో ఈ పద్ధతి ఊసే లేదు, నా అసలు కంప్లైంట్ అది.

మామూలు అగరోజ్ (సముద్రపు నాచునుంచి తీసే జెల్లీ లాంటి పదార్థం) జెల్‌లో కరెంటు ఒకే వైపు పెడితే డీఎన్ఏ పాజిటివ్ వైపు కదులుతుంది, చిన్నవి ముందు, పెద్దవి వెనక. ఇరవై, యాభై వేల బేస్ జతలు (డీఎన్ఏ అక్షరాల జతలు, పొడవుకి కొలత) దాటాయో ఈ లెక్క పనిచేయదు, పొడవాటి అణువులన్నీ సాగిపోయి ఒకే వేగంతో నడిచి ఒకే గీతగా కనిపిస్తాయి. 1984లో ష్వార్ట్జ్, కాంటర్ అనే శాస్త్రవేత్తలు ఏం చేశారంటే కరెంటు దిశని కొంతసేపటికోసారి మార్చారు. మార్చినప్పుడల్లా అణువు కొత్త దిక్కుకి తిరగాలి కదా, సందు మలుపులో ఆటో ఇట్టే తిరిగిపోతుంది, చెరుకు లోడు ట్రాక్టర్ తిరిగేసరికి అందరూ హారన్లు కొడతారు, అలా పొడవాటిదానికి తిరగడానికే టైం అంతా పోయి వెనకబడుతుంది. అంతే, లక్షల బేస్ జతల ముక్కలు కూడా విడిపోయాయి. ముందు ఈస్ట్ మీద చేశారు, బాక్టీరియాల వంతు తర్వాత వచ్చింది.

చేసేవాళ్ళకి ఇందులో టెన్షన్ ఇంకోటుంది. ఇంత పొడుగు డీఎన్ఏని పిపెట్‌తో పీలిస్తే తెగిపోతుంది, అందుకని బాక్టీరియాని బతికుండగానే కరిగిన అగరోజ్‌లో కలిపి చిన్న బిళ్ళలుగా గడ్డకట్టించి, ఆ బిళ్ళలోనే గోడ కరిగించి, ప్రొటీన్లు తీసేసి, ఎంజైమ్‌తో కోయాలి. ఆ ఎంజైమ్ కూడా అరుదుగా కోసేదై ఉండాలి. నాట్-వన్ అనేది ఎనిమిది అక్షరాల వరుస దొరికితేనే కోస్తుంది, ఈ.కోలై మొత్తం మీద 22 ముక్కలే వచ్చాయి. ఏ ముక్క పక్కన ఏది ఉందో, తెలిసిన జన్యువుల ప్రోబులు (ఆ జన్యువుకే అతుక్కునే డీఎన్ఏ తునకలు) అంటించి చూసి, అన్నిచోట్లా కాకుండా కొన్నిచోట్లే కోసి చూసి, 1987లో మ్యాప్ గీశారు. ఆ జీనోమ్‌ని, అంటే దాని మొత్తం డీఎన్ఏని, అక్షరం అక్షరం చదవడం పూర్తయింది 1997లో, అంటే మ్యాప్ పదేళ్ళు ముందే ఉంది. ఇంకో సంగతి, గుండ్రటి పెద్ద డీఎన్ఏ అలాగే పెడితే జెల్ మొదట్లో నింపిన గుంటలోంచి కదలదు, ఒక్కచోట తెగితేనే బయటికొస్తుంది.

కలరా క్రిమి జీనోమ్ సీక్వెన్స్, అంటే అక్షరాల పూర్తి వరుస, 2000లో వచ్చింది. పెద్ద క్రోమోజోమ్ సుమారు 29.6 లక్షల బేస్ జతలు, చిన్నది 10.7 లక్షలు, జెల్ మీద చూసిన రెండూ సీక్వెన్స్‌లోనూ రెండే. గుండ్రంగానే ఉండాలని కూడా లేదు, లైమ్ జబ్బు తెచ్చే బొరీలియాది, స్ట్రెప్టోమైసిస్‌లది రెండు కొసలున్న దారంలాంటి క్రోమోజోమ్.

ఇప్పుడు పాత జెల్‌నే పట్టుకు వేలాడమని నేననను. అమెరికాలో తిండి ద్వారా వచ్చే జబ్బుల మూలం పట్టడానికి 1996లో మొదలైన పల్స్‌నెట్ అనే ల్యాబుల నెట్‌వర్క్ ఈ జెల్ గీతలనే వేలిముద్రల్లా వాడి, 2019 నాటికి పూర్తి జీనోమ్ సీక్వెన్సింగ్‌కి మారిపోయింది, అది సరైన పనే, జెల్‌కి రోజులు పట్టేది మరి. కానీ మీ వ్యాసం చదివితే జీనోమ్ సంగతులన్నీ కంప్యూటర్లోంచే ఊడిపడ్డాయనిపిస్తుంది.

సవరణకి రెండు లైన్లు చాలు. అదే పేజీలో జెల్ ఫొటో ఒకటి పెద్దగా వేయండి, చిన్నదిగా వేస్తే గీతలు కలిసిపోతాయి.

ఇట్లు,
ఒక మైక్రోబయాలజీ లెక్చరర్, కాకినాడ