గ్రంథాలయ పాఠకుల సంఘం: 2024–25 వార్షిక నివేదిక

అధ్యక్షుల వారికి, కార్యవర్గానికి, సర్వసభ్య సమావేశానికి విచ్చేసిన పాఠక మిత్రులకు నమస్కారం. కోరం చాలక సభను అరగంట వాయిదా వేయడం మనకు ఆనవాయితీ. ఆ అరగంటలో చదువుకుంటారని నివేదికను అచ్చువేసి ముందే కుర్చీల్లో పెట్టించాం.

ఏటా జరిగేవన్నీ ఈ ఏడూ జరిగాయి. ఆగస్టు 29న గిడుగు వారి జయంతి, నవంబరు 14 నుంచి 20 వరకు గ్రంథాలయ వారోత్సవాలు, వేసవిలో పిల్లలకు కథల శిబిరం. ఫొటోలు బోర్డు మీద పెట్టాం. వారోత్సవాల ముగింపునాడు వేదిక మీద పదకొండు మంది, కింద తొమ్మిది మంది ఉన్నారు. ఆ సంగతి ఇంతటితో వదిలేస్తున్నాను.

చెప్పుకోదగ్గది 'ఏడు తరాలు' ఆదివారాల గురించి. సహవాసి గారు తెలుగు చేసిన ఆ పుస్తకం మన బీరువాలో మూడు ప్రతులుంటే, మూడూ అట్టలు ఊడి దారంతో కట్టి ఉన్నాయి. ఆఫ్రికా నుంచి అమెరికాకు బానిసగా తెచ్చిన కుంటా కింటే మొదలుకొని తన వంశం కథగా అలెక్స్ హేలీ రాసిన ఈ పుస్తకాన్ని ('రూట్స్') అమెరికాలో ఏబీసీ టీవీ వారు 1977 జనవరి 23 నుంచి 30 వరకు వరసగా ఎనిమిది రాత్రులు సీరియల్‌గా వేశారు. నల్లవాళ్ల కథను తెల్లవాళ్లు చూస్తారో చూడరోనని చానల్ వాళ్లు భయపడ్డారట. తీరా చివరి రాత్రి పది కోట్ల మంది దాకా చూశారని లెక్క తేలింది. డాలస్ నుంచి సెలవుకు వచ్చిన ఒక సభ్యురాలి అబ్బాయి ఆ డీవీడీలు తెచ్చి ఇవ్వడంతో మనకూ చూసే భాగ్యం కలిగింది. జూలై 7 నుంచి ఆగస్టు 25 వరకు ఎనిమిది ఆదివారాలు, దాదాపు పది గంటల సీరియల్.

ఇంగ్లీషు సంభాషణలు అందరికీ అందవు కదా. మన రిటైర్డ్ హెడ్మాస్టరు గారు తెర పక్కన స్టూలు వేసుకుని, మూకీల కాలం నాటి వ్యాఖ్యాతలా తెలుగులో చెప్పారు. మూడో వారం ఆయన గొంతు పోతే వాళ్లావిడ వచ్చి చెప్పారు. ఆవిడ చెప్పిందే బాగుందని చాలామంది అన్నారు. ఆ మాట మాస్టారితో ఎవరూ అనలేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

తలుపు దగ్గర పెట్టిన అభిప్రాయాల నోటు పుస్తకం నిండిపోయింది. తండ్రి పసికందును రాత్రి ఆకాశానికి ఎత్తి చూపించే ఘట్టానికి ఎక్కువమంది రాశారు. మా ఇళ్లలో బారసాలకు క్యాటరింగ్ తప్ప ఏమీ గుర్తుండదు అని ఒకాయన రాశారు. కొరడాతో కొట్టి కుంటా కింటే చేత దొర పెట్టిన 'టోబీ' పేరు అనిపించే చోట హాల్లో చప్పుడు లేదు. ఆ తర్వాత పెద్ద చర్చే నడిచింది. మన దగ్గరా పెంటయ్య, పుల్లయ్య అని పేర్లు పెట్టి జనాన్ని కించపరచలేదా అని ఒక యువకుడు లేచాడు. పుట్టిన బిడ్డలు పోతుంటే ఈ బిడ్డయినా దక్కాలని తల్లే పెంటకుప్ప మీద పడుకోబెట్టి పెట్టుకున్న పేరది, దొర పెట్టింది కాదు అని ఒక పెద్దావిడ సరిదిద్దారు. అయినా ఆ యువకుడు కూర్చోలేదు. "మా తాతకి రికార్డుల్లో మంచి పేరే ఉందండీ. కానీ పెద్ద వీధిలో ఆ పేరుతో పిలిచినవాళ్లు ఒక్కరూ లేరు" అన్నాడు. దానికి ఎవరి దగ్గరా జవాబు లేకపోయింది. ఆ రోజు టీ చల్లారిపోయింది.

కుంటా కూతురు కిజ్జీ సంగతి గ్రంథాలయం వాళ్లం కాబట్టి మనకు మరీ తగిలింది. కలిసి ఆడుకున్న దొరల పిల్ల సరదాకి చదువు నేర్పుతుంది. ఆ చదువుతోనే కిజ్జీ తను ప్రేమించిన నోవా పారిపోవడానికి దొంగ అనుమతి చీటీ రాసిస్తుంది. అది బయటపడగానే తల్లీ తండ్రీ కాళ్లావేళ్లా పడుతున్నా ఆమెను అమ్మేస్తారు. అక్షరం ముక్క వచ్చినందుకు అమ్మేశారు అని నోటు పుస్తకంలో ఏడెనిమిది చేతిరాతల్లో ఉంది. ముసలితనంలో ఆ నేస్తం ఎదురుపడి ఎరగనట్టు నీళ్లడిగితే, కిజ్జీ గ్లాసులో ఉమ్మి ఇచ్చే చోట ఆడవాళ్ల వరసలోంచి చప్పట్లు మోగాయి. మగవాళ్ల వరస కొంచెం ఇబ్బందిగా కదిలింది.

కిజ్జీ కొడుకు కోడిపందేల జార్జి వచ్చిన వారం మాత్రం హాలు కిటకిటలాడింది. కారణం మీకు తెలుసు. సంక్రాంతి అనుభవజ్ఞులు కత్తి కట్టడం గురించి మాస్టారి వ్యాఖ్యానాన్ని పదేపదే సరిదిద్దారు.

మెచ్చుకోలే కాదు, తిట్లూ పడ్డాయి. బానిసల్ని తెచ్చిన ఓడ కెప్టెన్‌ను అంత మనస్సాక్షి ఉన్నవాడిగా చూపించడం తెల్ల ప్రేక్షకుల్ని బుజ్జగించడానికేనని ఇద్దరు రాశారు. నాకూ అదే అనిపించింది. హేలీ చెప్పిన వంశావళిని పరిశోధకులు తప్పుపట్టారనీ, తన నవల నుంచి ఎత్తిరాశాడని వేరే రచయిత దావా వేస్తే 1978లో డబ్బిచ్చి రాజీపడ్డాడనీ మన న్యాయవాది సభ్యుడు గుర్తుచేశారు. రెండూ నిజమే. అయితే నల్లవాళ్ల పేర్లు లెక్కల పుస్తకంలో గొడ్ల పక్కన రాసిన దేశంలో వంశావళికి పక్కా కాగితం ఎక్కణ్ణుంచి తెస్తాడని మాస్టారు అడిగారు. ఆ వాదన ఇంకా తేలలేదు, టీ కొట్టు దగ్గర ఇప్పటికీ సాగుతోంది.

చివరి ఆదివారం సంగతి చెప్పకపోతే నివేదికకు అర్థం లేదు. గాంబియాలో జుఫూరే ఊరి కథకుడు కింటేల వంశాన్ని నోటికి చెప్పాడని హేలీ పుస్తకంలో రాశాడు. అది వినగానే, మాకు పిచ్చిగుంట్లవాళ్లు వచ్చి గోత్రాలు చెప్పేవాళ్లు అని ఒకరన్నారు. మాకు డక్కలివాళ్లు వచ్చి మా కులం కథ జాంబపురాణం చెప్పేవాళ్లు అని వెనక వరస నుంచి ఇంకొకరన్నారు. అంతే, ఒక్కొక్కరూ లేచి తమ పెద్దల పేర్లు చెప్పడం మొదలుపెట్టారు. తర్పణాలు వదిలేవాళ్లు మూడు తరాల దగ్గర ఆగారు. అమ్మ వైపు అడిగితే చాలామంది అమ్మమ్మ దగ్గరే ఆగారు. పెళ్లిళ్లకు అటు ఏడు తరాలు, ఇటు ఏడు తరాలు చూస్తామనే వాళ్లం మనం! ఇరవై ఏళ్లుగా ఒకే బెంచీ మీద పేపరు చదివే ఇద్దరు సభ్యులు ఆ రోజే ఒకరి ఊరు ఒకరు తెలుసుకున్నారు. రాత్రి పదిన్నరకు వాచ్‌మన్ లైట్లు ఆర్పితేగాని సభ ముగియలేదు.

ఇక కృతజ్ఞతలు. మాస్టారి దంపతులకు, ప్రొజెక్టర్ అరువిచ్చిన కోచింగ్ సెంటరు వారికి, ఎనిమిది వారాలూ టీకి డబ్బు తీసుకోని కొట్టు యజమానికి, కరెంటు పోయిన రెండుసార్లూ ఇంటి నుంచి ఇన్వర్టర్ మోసుకొచ్చిన కోశాధికారి గారికి. కుర్చీలు వేసి, తీసి, ఊడ్చిన ఇద్దరు డిగ్రీ విద్యార్థులకు ప్రత్యేకంగా. ఎందుకంటే ఆ పనికి పేర్లిచ్చిన పద్నాలుగు మంది కార్యకర్తల్లో మిగతా పన్నెండు మంది వాట్సాప్‌లో బొటనవేలు చూపించడానికే పరిమితమయ్యారు. హాలు అనుమతి కోసం ఒక కార్యాలయానికి ఐదుసార్లు తిరిగాను. ప్రతిసారీ ఇందులో గొడవలేమైనా ఉంటాయా అని అడిగారు. ఉంటే బాగుండునని చెప్పాలనిపించింది, చెప్పలేదు.

జమాఖర్చుల పట్టిక ఆడిటరు సంతకంతో చివరి పేజీలో ఉంది. మిగులు స్వల్పం, బకాయి చందాలు స్వల్పం కాదు. ఎవరివో నేను చదవను, పట్టిక చదువుతుంది.

చివరిగా ఒక మనవి. డీవీడీల్లో రెండో డిస్కు ఇంకా తిరిగి రాలేదు. తీసుకెళ్లినవారు దయచేసి కౌంటరు దగ్గర ఇచ్చేయండి. డాలస్ అబ్బాయి మళ్లీ సంక్రాంతికి వస్తున్నాడు.

ఇట్లు,
కార్యదర్శి