కాటాలు తారుమారైతే ముందు చూడవలసింది పోర్టుల పేర్లు

సంపాదకులు గారికి,

నమస్కారం. కంప్యూటర్లో నమోదైన తూకానికీ కాటా మీద కనిపించిన తూకానికీ పొంతన లేదని మన జిల్లాలో ఎక్కడ మాట వచ్చినా, నింద మొదట కాటా మీద, ఆ తరువాత దాని దగ్గర కూర్చున్న గుమస్తా మీద పడుతుంది. కాశీబుగ్గలో కాటాలనూ వాటికి తగిలించిన కంప్యూటర్లనూ బాగుచేస్తూ బతుకుతున్నవాడిని కనుక, ఆ రెండింటి నడుమ ఎవరి కంటా పడకుండా ఉండే చిన్న పెట్టె గురించి, అంటే ఒక్క యూఎస్‌బీ వైరుతో నాలుగు సీరియల్ పోర్టులు (కాటా వైర్లు తగిలించే చోట్లు) ఇచ్చే అడాప్టర్ గురించి, మీ పత్రిక ద్వారా కొంత వివరంగా చెప్పదలచుకున్నాను.

మొన్నటి వేసవిలో పలాస దగ్గర ఒక జీడిపప్పు ఫ్యాక్టరీ నుంచి నాకు పిలుపు వచ్చింది. అక్కడ పొట్టు తీసే ఆడవాళ్లకు కిలోల లెక్కన కూలి కడతారు. ఎనిమిది బల్లలకు ఎనిమిది కాటాలు, నాలుగేసి పోర్టుల పెట్టెలు రెండు, అన్ని తూకాలనూ రాసుకునే లైనక్స్ (విండోస్ లాంటి ఆపరేటింగ్ సిస్టమ్) కంప్యూటర్ ఒకటి ఉన్నాయి. ఒక మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చాక ఒకటో బల్ల దగ్గర తూచిన పప్పు ఐదో బల్ల ఆమె ఖాతాలో పడింది. ఆమె ఆ పూట పనిలోనే లేదు, జ్వరమొచ్చి ఇంటికి వెళ్లిపోయింది. మర్నాడు తనంతట తానే గుమస్తా దగ్గరకు వెళ్లి, "నాను నేని పూట నా పేరు మీద పప్పెలాగ పడిందండి బాబూ?" అని అడగబట్టి సంగతి బయటపడింది.

నేను వెళ్లేసరికే యజమాని రెండు కాటాలు మార్చారు, ఒక పెట్టె కొత్తది కొన్నారు. కొత్త పెట్టె తగిలించిన రోజు అన్నీ సరిగ్గానే పడ్డాయి కనుక జబ్బు కుదిరిందనుకున్నారు. రెండు రోజుల తరువాత కంప్యూటర్ ఆపి మళ్లీ పెట్టగానే వ్యవహారం మొదటికొచ్చింది. నేను గుమస్తా పుస్తకం తెప్పించుకుని చూస్తే, ఒకటో బల్ల తూకం ఐదుకూ, రెండోది ఆరుకూ, ఐదోది ఒకటికీ వెళ్లాయి. ప్రతిచోటా తేడా సరిగ్గా నాలుగే. కాటా చెడిపోతే తూకం తప్పుతుంది తప్ప నాలుగు బల్లలు కూడబలుక్కుని చోటు మారవు. రెండు పెట్టెలు ఒకదాని స్థానంలోకి ఒకటి వచ్చాయని అక్కడే తేలిపోయింది.

దీనికి కారణం చాలా మామూలుది. లైనక్స్‌లో ఇలాంటి పోర్టులకు టీటీవైయూఎస్‌బీ0, టీటీవైయూఎస్‌బీ1 అంటూ వరుసగా పేర్లు వస్తాయి. ఆ అంకె రేషన్ షాపు దగ్గర క్యూలో మన వరుస సంఖ్య లాంటిదే కానీ ఇంటి నంబరు లాంటిది కాదు. కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు ముందుగా పలికిన పెట్టెకు 0 నుంచి 3 వరకు, వెనక పలికినదానికి 4 నుంచి 7 వరకు అంకెలు దక్కుతాయి. ఈ రోజు ముందు పలికినదే రేపూ ముందు పలకాలన్న నియమం ఏదీ లేదు. తూకాల ప్రోగ్రామ్ రాసినవారు "టీటీవైయూఎస్‌బీ0 అంటే ఒకటో బల్ల" అని రాసి పెట్టుకోవడంలోనే చిక్కు ఉంది. తూనికలు కొలతల శాఖవారు వేసే ముద్ర కాటాకే గానీ ఈ పేర్లకు కాదు కదా.

మందు కూడా ఆ వ్యవస్థలోనే ఉంది. పరికరాలకు పేర్లు పెట్టే యూడెవ్ అనే విభాగం, ఆ పేర్లుండే డెవ్ డైరెక్టరీ కింద 'సీరియల్' అనే చోట ప్రతి పోర్టుకూ మరో రెండు రకాల పేర్లు తయారుచేసి ఉంచుతుంది. 'బై-ఐడీ' అన్నది పెట్టెలోని చిప్ తయారీదారు, సీరియల్ నంబరు, ఎన్నో పోర్టు అన్నవి కలిపిన పేరు. 'బై-పాత్' అన్నది కంప్యూటర్‌లో ఏ యూఎస్‌బీ రంధ్రానికి పెట్టె తగిలించారో దాన్నిబట్టి వచ్చే పేరు. ఎఫ్‌టీ4232హెచ్ వంటి నాలుగు పోర్టుల చిప్ ఉండి, సీరియల్ నంబరు కూడా రాసి ఉన్న పెట్టెకు మొదటిది మేలు, ఎందుకంటే పెట్టెను ఏ రంధ్రంలోకి మార్చినా పేరు మారదు. అయితే చౌకగా దొరికే చాలా పెట్టెల్లో సీరియల్ నంబరు ఉండదు. ఒకే రకానివి రెండు తగిలిస్తే వాటి బై-ఐడీ పేర్లు ఒకటే అయి కూర్చుంటాయి. పలాసలోని రెండు పెట్టెలూ అలాంటివే. అందుకని బై-పాత్ పేర్లను ప్రోగ్రామ్‌లో రాసి, ఏ పెట్టె ఏ రంధ్రానిదో కాగితం మీద రాసి అతికించి వచ్చాను. ఎవరైనా తుడిచేటప్పుడు వైరు తీసి పక్క రంధ్రంలో పెడితే మళ్లీ తంటా తప్పదు కాబట్టి ఆ కాగితం ముఖ్యం.

అదే గదిలో మరొక పొరపాటు కనిపించింది, ఇది నేను చాలాచోట్ల చూశాను. కంప్యూటర్‌కు యూపీఎస్ పెట్టారు, పెట్టెలకు కరెంటిచ్చే అడాప్టర్లను మాత్రం గోడ స్విచ్‌బోర్డుకు తగిలించారు. కరెంటు రెప్పపాటు పోయి వస్తే కంప్యూటర్ ఆగదు, పెట్టెలు మాత్రం ఆగి లేస్తాయి. ప్రోగ్రామ్ పాత పోర్టులను వదలకుండా పట్టుకుని ఉండటంవల్ల ఆ అంకెలు ఖాళీ కావు, లేచిన పెట్టెలకు 8 నుంచి కొత్త అంకెలు వస్తాయి; ప్రోగ్రామ్ చూస్తే లేని పోర్టుల వైపు చెవి ఒగ్గి కూర్చుంటుంది. పెట్టెల అడాప్టర్లనూ యూపీఎస్‌కే మార్చాలి, పెట్టె తీయవలసి వస్తే ముందు ప్రోగ్రామ్ ఆపాలి. ఒక యూఎస్‌బీ రంధ్రాన్ని కొన్నిగా పంచే, సొంత కరెంటు లేని హబ్‌కు ఇలాంటి పెట్టెలు తగిలించడం కూడా మంచిది కాదు, యూఎస్‌బీ 2.0 లెక్క ప్రకారం అలాంటి హబ్ ఒక్కో పోర్టుకు ఇవ్వగలిగేది 100 మిల్లీ ఆంపియర్లే.

ఇక పోర్టు అసలు పలకనప్పుడు కొత్త పెట్టె కొనే ముందు చేయదగిన పరీక్ష ఒకటుంది, దానికి పైసా ఖర్చు లేదు. తొమ్మిది పిన్నుల కనెక్టర్‌లో 2, 3 పిన్నులను చిన్న తీగతో కలిపి, సీరియల్ పోర్టుతో మాట్లాడే ప్రోగ్రామ్ అయిన మినీకామ్‌లో హార్డ్‌వేర్ ఫ్లో కంట్రోల్ అనే సెట్టింగ్ ఆపి, ఏదైనా అక్షరం కొట్టాలి. కొట్టిన అక్షరం తెర మీద కనబడి, తీగ తీయగానే కనబడటం మానితే పెట్టె, డ్రైవర్, పోర్టు మూడూ బాగున్నట్టే. లోపం వైరులోనో కాటా సెట్టింగ్‌లోనో వెతకాలి. తీగ తీసినా అక్షరం కనబడుతుంటే అది లోకల్ ఎకో, అంటే ప్రోగ్రామ్ తానే తెర మీద చూపేది మాత్రమే, దాన్ని చూసి మోసపోకూడదు. నేనూ తొలిరోజుల్లో ఒక పూటంతా అలా మోసపోయినవాడినే.

పోర్టు పేరే కనిపించకపోతే కెర్నల్ (లైనక్స్ మూలభాగం) సందేశాలు చూపే డీమెసేజ్ ఆదేశం చాలావరకు కారణం చెప్పేస్తుంది. లైనక్స్‌లో ఒక రకమైన ఉబుంటు 22.04లో సీహెచ్340 చిప్ ఉన్న అడాప్టర్ తగిలించగానే పోర్టు వచ్చినట్టే వచ్చి మాయమైతే, అంధుల బ్రెయిలీ పరికరాల కోసం ఉన్న బీఆర్‌ఎల్‌టీటీవై ప్రోగ్రామ్ దాన్ని తన పరికరమనుకుని లాక్కున్నట్టు అందులోనే రాసి ఉంటుంది. ఆ కంప్యూటర్‌లో బ్రెయిలీ అవసరం లేకపోతే దాన్ని తీసేస్తే సరిపోతుంది. పోర్టు ఉండీ అనుమతి లేదంటే, డెబియన్ (ఇదీ లైనక్స్‌లో ఒక రకమే), ఉబుంటులలో వాడుకరిని డయలౌట్ గుంపులో చేర్చి, ఒకసారి లాగౌట్ అయి రావాలి. ప్రోగ్రామ్ మొత్తాన్ని సర్వాధికారాలున్న రూట్‌గా నడిపించే అడ్డదారి మన దగ్గర చాలామంది తొక్కుతున్నారు, అది మంచి అలవాటు కాదు.

ఫ్రీబీఎస్‌డీ అనే మరో ఆపరేటింగ్ సిస్టమ్ వాడేవారు మన వైపు అరుదు కానీ, అందులో ఇలాంటి కొన్ని పెట్టెల పోర్టులకు సీయూఏయూ0.2 అన్నట్టు పెట్టె అంకె, పోర్టు అంకె విడివిడిగా కనబడతాయి. ఏది మారిందో పోల్చుకోవడం తేలిక, అయినా పెట్టె అంకె అక్కడా మారవచ్చు.

జిల్లాలోని ఐటీఐలు, పాలిటెక్నిక్‌లలో సీరియల్ పోర్టు పాఠం చెప్పేటప్పుడు ఈ పేర్ల సంగతి, తీగ పరీక్ష కూడా ఒక గంటసేపు చేయించాలని అధ్యాపకులను మీ పత్రిక ముఖంగా కోరుతున్నాను. తూకాల ప్రోగ్రామ్‌లు అమ్మేవారు పోర్టు అంకెకు బదులు స్థిరమైన పేరు రాసుకునే వీలు కల్పించాలి. పలాస ఫ్యాక్టరీలో తారుమారైన రోజుల తూకాలను గుమస్తా చేతిపుస్తకంతో సరిచూసి, ఎవరి కూలి వారికి తిరగరాశారు. మార్చేసిన రెండు పాత కాటాలూ బాగానే ఉన్నాయని తేలి, మళ్లీ బల్లల మీదకు వచ్చాయి.

ఇట్లు,
కాటాల మరమ్మతుదారు,
కాశీబుగ్గ, శ్రీకాకుళం జిల్లా.