ప్రాజెక్టు పనిలో మార్కులు దేనికి?

సంపాదకులకు,

ఇంటర్నెట్ వచ్చాక పిల్లలు ఆలోచించడం మానేశారన్న ఫిర్యాదులో సగమే నిజముంది. ప్రశ్నకు ఒకే జవాబు ఉంటుందనీ, అది ఎక్కడో సిద్ధంగా దొరుకుతుందనీ, దాన్ని పట్టుకొచ్చి దించితే చాలుననీ గైడ్లతో, బిట్ బ్యాంకులతో మన బడి ఎప్పుడో నేర్పేసింది. గూగుల్ ఆ పనిని తొందరగా చేసిపెడుతోంది, అంతే.

సాంఘిక శాస్త్రంలో పొట్టి శ్రీరాములు గారి మీద ప్రాజెక్టు పని ఇచ్చారనుకుందాం. ఆయన నిరాహార దీక్ష ఒకచోట 56 రోజులనీ, మరోచోట 58 రోజులనీ కనిపిస్తుంది. ఆయన ఆంధ్రప్రదేశ్ కోసం ప్రాణాలర్పించారని రాసినవారికీ కొదవ లేదు. 1952 అక్టోబరు 19న మద్రాసులో మొదలైన దీక్ష డిసెంబరు 15 రాత్రి ఆయన మరణంతో ముగిసిందని తెలిసిన విద్యార్థి వేళ్ల మీద లెక్కపెట్టుకున్నా, మొదటి రోజుతో కలిపి 58 అని తేలుతుంది. ఆంధ్ర రాష్ట్రం కర్నూలు రాజధానిగా ఏర్పడింది 1953 అక్టోబరు 1న, తెలంగాణ కలిసి ఆంధ్రప్రదేశ్ అయింది 1956 నవంబరు 1న అని తేదీలను వరుసగా పెట్టుకుంటే రెండో పొరపాటూ బయటపడుతుంది. హైస్కూలు పిల్లలకు ఇది శక్తికి మించిన పని కాదు. అయితే ఇంత వెతికి సరిచూసుకున్నవారికీ, నెట్ సెంటర్‌లో ప్రింటు తీయించి రంగుల అట్ట వేసుకొచ్చినవారికీ ఒకే మార్కులు పడుతుంటే (అట్ట బాగుంటే ఒకటి ఎక్కువే పడుతుందనుకోండి) సరిచూసుకునే శ్రమ ఎవరు పడతారు?

ఇందులో ఉపాధ్యాయులను తప్పుపట్టి లాభం లేదు. సిలబస్ పూర్తిచేయడానికీ, యాప్‌లలో వివరాలు ఎక్కించడానికీ చాలని సమయంలో ప్రతి ప్రాజెక్టునూ చదివే తీరిక వారికి దొరకదు. మార్పు మూల్యాంకన నిబంధనల్లోనే రావాలి. సమాచారం ఎక్కడిదో రాసినందుకు, రెండు ఆధారాలు పొసగనిచోట దేన్ని ఎందుకు నమ్మారో వివరించినందుకు, ఉపాధ్యాయుడు నోటితో అడిగే ఒకటి రెండు ప్రశ్నలకు జవాబిచ్చినందుకు ప్రాజెక్టు మార్కుల్లో కనీసం సగం కేటాయించాలి. కేరళలోని కన్నూరు జిల్లాలో 2018లోనే ప్రభుత్వ బడుల పిల్లలకు బూటకపు వార్తలను గుర్తుపట్టడంపై తరగతులు నడిపారు. మనం అడుగుతున్నది అంతకన్నా చిన్న మార్పు, దీనికి కొత్త పీరియడూ అక్కర్లేదు. వచ్చే విద్యా సంవత్సరం మార్గదర్శకాల్లో దీన్ని చేర్చే విషయాన్ని పాఠశాల విద్యాశాఖ, రాష్ట్ర విద్యా పరిశోధన, శిక్షణ మండలి (ఎస్‌సీఈఆర్‌టీ) పరిశీలించాలని కోరుతున్నాను.

– ఒక విశ్రాంత సాంఘిక శాస్త్ర ఉపాధ్యాయుడు, తెనాలి