మా ఏసీలో చేపల వాసన సంగతి తేల్చిన ముగ్గురికీ కృతజ్ఞతలు

అందరికీ నమస్కారమండి. పండగప్పుడు మా ఇంట్లో ఏసీ వాసన విషయంలో సాయం చేసిన ముగ్గురికీ అందరి ముందూ థాంక్స్ చెప్పాలని రాస్తున్నాను. కాస్త పెద్దదైపోద్దేమో, ఓపిగ్గా చదవండి, ఇలాంటి వాసన మన వైపు ఎవరింట్లో వచ్చినా ముందు అందరి ధ్యాసా చెరువు మీదకే పోద్ది.

మాది ఆకివీడు దగ్గర ఊరు, ఇంటికి పడమర పక్కంతా చెరువులే. మా అత్తగారికి ఆయాసం, ధనుర్మాసం చలి అస్సలు పడదు, అందుకే హాట్ అండ్ కోల్డ్ ఏసీ పెట్టించాం, హీట్ పంప్ అనేది అదేనండి, ఎండాకాలం గదిలో వేడిని బయటికి తోస్తది, చలికాలం తిరగబడి బయట గాలిలో వేడిని లోపలికి తెస్తది. హీట్ వేసిన కొత్తలో దుమ్ము కాలిన వాసన కొంచెం వచ్చింది, అది మామూలేనంట, పోయింది కూడా. ఆ తర్వాత మొదలైంది ఈ చేపల వాసన. తెల్లవారుజామున మరీ ఎక్కువ. పండక్కొచ్చిన చుట్టాల్లో ఒకరు చెరువు వాసనన్నారు, ఒకరు గ్యాస్ లీకన్నారు, ఇంకొకరు లోపల బల్లి చచ్చుంటదన్నారు.

మొదటి థాంక్స్ చెరువుల మీద కాపలా ఉండే బాబాయ్ గారికి. పాలు ఇచ్చెళ్దామని వచ్చిన మనిషి గుమ్మంలో ఆగిపోయి, "ఇది మా చెరువు వాసన కాదమ్మా, గాలి తూర్పు నుంచి కొడతంది, చెరువు చూస్తే పడమర, ఇది మీ గదిలోదే" అన్నారు. రాత్రీ పగలూ చేపల మధ్యే ఉండే ఆయన మాట కాబట్టి వెంటనే కాకినాడలో ఏసీ పని చేసే అన్నయ్య గారికి ఫోన్ చేశాం.

ఆ అన్నయ్య గారికి ఎంత చెప్పినా తక్కువేనండి. మనిషి రాకుండా, ఏసీ చూడకుండా, ఒక్కో ప్రశ్నా అడిగి తేల్చారు. వేయగానే వచ్చి తగ్గిపోద్దా, లేక నడిచేకొద్దీ పెరుగుద్దా? నడిచేకొద్దీ పెరుగుద్ది అన్నాం. అలాగైతే కాయిల్ మీద బూజు కాదమ్మా, ఆ ముక్కిన వాసన వేయగానే కొట్టి తర్వాత తగ్గుద్ది అన్నారు. డ్రెయిన్ పైపు బాత్రూం లైన్లో కలిపారా? హీట్ మోడ్‌లో లోపలి యూనిట్ నుంచి నీళ్ళు రావు కాబట్టి పైపు వంపులో నీళ్ళు ఎండిపోయి మురుగు వాసన గదిలోకి వచ్చేస్తదంట. మా పైపు కొబ్బరిచెట్టు మొదట్లోకి ఉంది, సో అదీ కాదు. ఏసీలో గ్యాస్ లీకైతే ముందు వేడి తగ్గాలి, పైగా మా ఏసీలో ఉండే ఆర్‌32 గ్యాస్‌కి వాసనే సరిగ్గా తెలీదంట. చివరికి ఫ్యాన్ మోడ్‌లో కాసేపు నడపమన్నారు. అంతే, వాసన తగ్గిపోయింది! బల్లి చస్తే ఫ్యాన్‌లోనూ కొడతది, కంప్రెసర్ లాగినప్పుడే వస్తందంటే కరెంటు దగ్గరే ఏదో కాలతంది, ప్లగ్గు ముట్టుకోవద్దు, ముందు ఎంసీబీ, అంటే కరెంటు ఎక్కువైతే దానంతటదే పడిపోయే స్విచ్చు, దింపెయ్యండి అన్నారు.

చేప కుళ్ళితే వచ్చేది ట్రైమిథైల్ అమైన్ అనే పదార్థం వాసనంట, సాకెట్లూ స్విచ్చులూ చేసే కొన్ని ప్లాస్టిక్కులు బాగా వేడెక్కినా అలాంటి అమైన్లే బయటికొస్తాయంట. మరి ఎంసీబీ ఎందుకు పడలేదన్నయ్యా అని అడిగాను. లూజు కనెక్షన్‌లో కరెంటు పెరగదమ్మా, ఆ ఒక్క చోటే వేడి పుడతది, ఎంసీబీకి తెలిసేది ఓవర్‌లోడూ షార్టూ మాత్రమే అన్నారు. ఈ మాట నేనైతే మర్చిపోలేను, ఎంసీబీ ఉందిగా అని ధైర్యంగా పడుకునే ఇళ్ళు ఎన్ని లేవు!

తెల్లవారుజామునే ఎందుకు ఎక్కువ అన్నదానికీ ఆయనే చెప్పారు. ఆ టైముకి చెరువుల్లో ఆక్సిజన్ పడిపోద్దని నీళ్ళలోకి గాలి కలిపే ఏరేటర్లన్నీ తిప్పుతారు, మా లైన్లో ఓల్టేజీ తగ్గిపోద్ది, ఇన్వర్టర్ ఏసీ అదే పని చెయ్యడానికి ఇంకొంచెం ఎక్కువ ఆంప్స్, అంటే కరెంటు, లాగుద్ది, లూజు దగ్గర ఆంప్స్ రెట్టింపైతే వేడి నాలుగింతలు. అంటే చెరువుకి సంబంధం ఉంది కానీ వాసన చెరువుది కాదన్నమాట.

భీమవరం నుంచి పండగ పూట బండేసుకొచ్చిన మెకానిక్ తమ్ముడికి మూడో థాంక్స్. మెయిన్ ఆపి, టెస్టర్‌తో చూసుకుని, పదహారు ఆంప్స్ ప్లగ్గు లాగితే ఒక పిన్ను గోధుమ రంగుకి తిరిగిపోయింది, సాకెట్ కన్నం చుట్టూ ప్లాస్టిక్ బొబ్బలెక్కి ఉంది, వెనక స్క్రూ వేలితోనే తిరిగిపోతంది. వైరు తొడుగు గట్టిపడి వంచితే పెళుసుగా విరిగింది. ముక్కు దగ్గర పెట్టి చూపించాడు, అదే వాసన! ఆ గోడకి ఆనుకునే మా అత్తగారి మంచం, కిటికీ తెర కూడా అక్కడే, తలుచుకుంటే ఒళ్ళు జలదరిస్తంది. కాలిన వైరంతా కోసేసి, నాలుగు స్క్వేర్ ఎంఎం కాపర్ వైరు లాగి, ప్లగ్గు తీసేసి ఏసీ బాక్సు బిగించాడు, తర్వాత గంటసేపు ఫుల్లుగా నడిపి, మళ్ళీ మెయిన్ ఆపి, కనెక్షన్లన్నీ చేత్తో తడిమి చూసి గానీ కదల్లేదు. సామాను డబ్బులూ మామూలు కూలీ తప్ప పండగ అని రూపాయి ఎక్కువ తీసుకోలేదు, బలవంతం చేసి అరిసెలు కట్టిచ్చాం.

బాబాయ్ గారూ, అన్నయ్య గారూ, తమ్ముడూ, మీ ముగ్గురికీ మా ఇంటిల్లిపాదీ రుణపడి ఉంటామండి. మా అత్తగారు రోజూ మిమ్మల్నే తలుచుకుంటున్నారు. ఈ సంగతి విని ఉండిలో మా అక్క వాళ్ళు కూడా వాళ్ళ ఏసీ ప్లగ్గు చూపించుకుంటామన్నారు, ఆదివారం తమ్ముడే వెళ్తున్నాడు.